ప్లాసీ యుద్ధం, ఏ.సీ. గార్డ్స్, మా తమ్ముడి బిట్ల పుస్తకం

దసరాకి ఊరెళ్ళినప్పుడు మా చిన్నాయన కొడుకు ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏడికెళ్ళన్న అడుగన్నా, చెప్త" అన్నాడు. వాడు ఆర్మీ రాత పరీక్షకి చదువుతున్నాడు. పొద్దున నాలుగున్నరకి లేచి పెబ్బేరు దగ్గర హైవే పక్కన పరుగు, పగలంతా ఈ పుస్తకం.

సరే అని మధ్యలో ఒక పేజీ తెరిచి అడిగాను. ప్లాసీ యుద్ధం ఎప్పుడు?

"1757 జూన్ 23" అన్నాడు, నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే.

ఎవరెవరికి?

"క్లైవుకూ సిరాజుద్దౌలాకూ."

క్లైవు తరఫున పోరాడిన సిపాయిలెవరు?

వాడు నా వైపు అదోలా చూశాడు. "గది బిట్ల లేదన్నా" అన్నాడు.

నిజమే, బిట్లలో లేదు. పండగ నాలుగు రోజులూ నన్ను తొలిచిన విషయం అదే. వాడి పుస్తకంలో ఉన్న ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులు మా జిల్లా దాకా వస్తాయి. కానీ పుస్తకం ఆ దారి చూపించదు.

ముందు ఈ పరీక్ష గురించి రెండు ముక్కలు చెప్పాలి. మనలో చాలామందికి ఎంసెట్, గేట్, జీఆర్ఈ తెలిసినంతగా ఇది తెలియదు. పేరు కామన్ ఎంట్రన్స్ ఎగ్జామ్. జనరల్ డ్యూటీ సైనికుడి పేపరైతే 50 ప్రశ్నలు, 100 మార్కులు, గంట టైము. జి.కె., సైన్సు, లెక్కలు, కాస్త రీజనింగ్. ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. లెక్క చూసుకుంటే, నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెట్టినా సగటున ప్రశ్నకి మార్కులో ఎనిమిదో వంతు లాభమే. ఒక ఆప్షను తప్పని తెలిస్తే ఆ లాభం మూడో వంతుకు పెరుగుతుంది. ఈ లెక్క మా తమ్ముడికి చెప్తే తెగ సంతోషపడ్డాడు. నేను చదివిన ప్రాబబిలిటీ మా ఇంట్లో ఒకరికి పనికొచ్చింది ఇన్నాళ్ళకి!

ఒకప్పుడు ముందు రన్నింగ్ ఉండేది. ఐదున్నర నిముషాల్లోపు 1600 మీటర్లు పరిగెత్తితే 60 మార్కులు, పది సార్లు బీమ్ లాగితే ఇంకో 40. తర్వాత మెడికల్. ఆ రెండూ దాటినవాడికే రాత పరీక్ష. 2023 నుంచి వరస మార్చారు. ముందు కంప్యూటర్ మీద పరీక్ష, అది దాటితేనే ర్యాలీ. అంటే ఒంటి సత్తువ కన్నా ముందు ఇప్పుడు ఈ పుస్తకం అడ్డంగా నిలబడింది.

ఇక ప్లాసీ సంగతికొద్దాం.

క్లైవు వెంట ఆ రోజు ఉన్నది సుమారు 3 వేల మంది. అందులో 2 వేల పైచిలుకు దేశీ సిపాయిలే. 1756లో కలకత్తా పోయిందని తెలిసి మద్రాసు నుంచి ఓడల మీద క్లైవు తీసుకెళ్ళిన సిపాయిలే ఆ పటాలానికి పునాది. వాళ్ళని బెంగాల్లో ఏమని పిలిచారో తెలుసా? తిలంగాలు. తెలంగా, తిలంగా, ఎలా పలికినా అర్థం తెలుగు దేశం వాడని. కంపెనీ కోసం ఎర్ర కోటు తొడుక్కున్న సిపాయిలను అక్కడి జనం మొదట చూసింది ఆ దక్షిణాది వాళ్ళలోనే. దాంతో ఆ తర్వాత భోజ్‌పూర్ వాడు కోటు తొడుక్కున్నా, అవధ్ వాడు తొడుక్కున్నా పేరు మాత్రం తిలంగాయే అయ్యింది. వందేళ్ళు గడిచి 1857లో మీరట్ నుంచి తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలోకి వచ్చినప్పుడు అక్కడి ఉర్దూ పత్రికలు వాళ్ళని రాసింది కూడా తిలంగాలనే. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్ళు. తెలుగు ముక్క రాదు. ఉత్తర భారతంలో "సైనికుడు" అనడానికి మన పేరు ఒక మామూలు మాటైపోయిందన్నమాట.

ఆ మొదటి తిలంగాలు మా పాలమూరు వాళ్ళని నేననను. కంపెనీ భర్తీ ఎక్కువగా కోస్తా వైపూ, మద్రాసు చుట్టుపక్కలా జరిగింది. మా ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. కానీ పేరు మాత్రం మన అందరిదీ.

మరి ఆ పేరు ఎటు పోయింది? 1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళు సైన్యాన్ని తిరగేసి మళ్ళీ కట్టారు. తిరగబడ్డ ప్రాంతాల్లో భర్తీ తగ్గించి పంజాబు వైపూ, నేపాలు వైపూ తిరిగారు. తర్వాత దానికో సిద్ధాంతం కూడా తయారు చేసుకున్నారు. కొన్ని జాతులకి పుట్టుకతోనే యుద్ధం వస్తుంది, మిగతా వాళ్ళకి రాదు అని! దీన్ని గట్టిగా నమ్మినవాడు ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికే అధిపతి. దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చేశాడు. భర్తీ అధికారుల కోసం ఏ కులం వాడిని ఎక్కడ వెతకాలో చెప్పే పుస్తకాలు అచ్చు వేశారు. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా తెలుగువాళ్ళ భర్తీ దాదాపు ఆగిపోయింది.

నాకు నవ్వొచ్చేదేంటంటే, అది కూడా ఒక రకం బిట్ల పుస్తకమే. కాకపోతే అప్పట్లో పుస్తకం చదివేది అధికారి, ప్రశ్న మన పుట్టుక. ఎన్ని నెలలు కష్టపడి చదివినా ఆ ప్రశ్నకి ఒప్పు పెట్టే దారి లేదు. ఆ లెక్కన జి.కె. పరీక్ష ఎంత చప్పగా ఉన్నా నాకు గౌరవమే. చదివితే వస్తుంది కదా.

రెండో బిట్టు. "ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు ఏ మూడు సంస్థానాల సైనికులకు గుర్తు?" జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక దళంలో ఈ మూడు సంస్థానాల లాన్సర్లూ ఉన్నారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్నది ఆ దళమే. విగ్రహాలు 1922లో పెట్టారు.

సంస్థానం అనగానే మనకి నిజామే గుర్తొస్తాడు. నిజాం కింద కూడా చిన్న సంస్థానాలుండేవనీ, మా పాలమూరులో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట అని వరసగా ఉండేవనీ ఏ బిట్టూ అడగదు. జటప్రోలు వాళ్ళ రాజధాని కొల్లాపురం ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఇవన్నీ నిజాంకి కప్పం కట్టేవి, లోపల తమ పాలన తాము చూసుకునేవి, తమకంటూ దళాలు పెట్టుకునేవి.

మెహదీపట్నం నుంచి లక్డీకాపూల్ వెళ్ళే వాళ్ళందరికీ ఏ.సీ. గార్డ్స్ తెలుసు. ఏ.సీ. అంటే ఏంటని ఎప్పుడైనా ఆలోచించారా? నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఎయిర్ కండిషనర్లేమో అనుకున్నాను, నిజంగా! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్విక దళం ఉండే చోటు అది. ఆ దళాన్ని మొదట కూర్చింది నిజాం కాదు, పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వర రావు అని చరిత్ర చెప్తుంది. ఆయన తర్వాత అది నిజాం సైన్యంలోకి వెళ్ళింది. హైదరాబాద్ భారత్‌లో కలిశాక దళం పోయింది. ఆ సిపాయిల వారసులు ఇప్పటికీ ఆ బస్తీలోనే ఉన్నారు. అంటే మా వనపర్తి పేరు చెప్పాల్సిన ఒక చోటు పక్కనుంచి రోజూ వేలమంది ఐటీ వాళ్ళు క్యాబుల్లో వెళ్తున్నారన్నమాట.

అదే వంశంలో అదే పేరు గల చివరి రాజా రామేశ్వర రావు (1923-1998) కథ ఇంకా చిత్రం. 1950ల్లో భారత ప్రభుత్వం తరఫున ఆఫ్రికాలో దౌత్యవేత్తగా పనిచేశాడు. తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యాడు. ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకి ఛైర్మన్‌గా ఉన్నాడు. సైన్యం పెట్టిన వంశం చివరికి స్కూలు పుస్తకాలు అచ్చువేసింది. వనపర్తి రాజమహలులో ఇప్పుడు పాలిటెక్నిక్, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ. ఫిరంగులుండాల్సిన చోట బ్లాక్‌బోర్డులు. ఇది నాకు చాలా నచ్చే విషయం.

మూడో బిట్టు ఈ మధ్య చేరింది. "2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారు?" సురవరం ప్రతాపరెడ్డి. మా తమ్ముడు టక్కున చెప్పాడు. ఆయనది ఏ ఊరని అడిగితే చెప్పలేకపోయాడు. గద్వాల సంస్థానంలోని ఇటికాలపాడు! 1952లో ఆయన ఎమ్మెల్యేగా గెలిచింది వనపర్తి నుంచే! తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించినవాడాయన. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో యుద్ధాల తేదీల కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే ఎక్కువ. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది, ఆయన పోయిన రెండేళ్ళకి. ఆ పుస్తకం పేరు బిట్టు. లోపలున్నది మాత్రం బిట్టు కాదు.

ఇంతా చెప్పి పరీక్షని తిట్టడం నా ఉద్దేశం కాదు. లక్షలమందిని వడబోయాలంటే ఇలాంటి పరీక్ష తప్పదు. మనమూ అలా వడబోతలోంచి వచ్చినవాళ్ళమే. నా బాధ వేరే ఉంది. ఆ పిల్లలు ఆ పుస్తకం మీద పెట్టేది వయసు. పదిహేడున్నరకి మొదలెట్టి కొద్ది ఏళ్ళలోనే అయిపోవాలి. ఆ వయసు దాటితే మా వైపు తెలిసిన దారి ఒకటే, పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు తెచ్చుకున్న దారి.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో జరిగింది గుర్తుంది కదా. అంతకు మూడు రోజుల ముందు అగ్నిపథ్ ప్రకటించారు. ఆ గుంపులో చాలామంది రన్నింగ్, మెడికల్ దాటి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. కరోనా పేరుతో పరీక్ష వాయిదా మీద వాయిదా పడి, చివరికి పాత భర్తీయే రద్దయ్యింది. రైలు పెట్టెలు తగలబెట్టడం తప్పే, అందులో అనుమానం లేదు. పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. కేసు పడినవాళ్ళకి ఇక ఆర్మీ లేదన్నారు. రాయని పరీక్షలో ఫెయిలవడమంటే అదే. మన ఆఫీసుల్లో ఆ రోజు ఎక్కువ మాట్లాడుకున్నది మెట్రో ఆగిపోవడం గురించి. నేనూ అంతే, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు చేరినా నాలుగేళ్ళే, ఆ తర్వాత నలుగురిలో ఒకరే ఉంటారు. అది తెలిసే మా తమ్ముడు చదువుతున్నాడు.

ఒక మంచి మాట కూడా ఉంది. 2023, 2024 పరీక్షలు ఇంగ్లీషు, హిందీల్లోనే పెట్టారు. తెలుగు మీడియం పిల్లవాడికి జవాబు తెలిసినా ప్రశ్న అర్థం కాని పరిస్థితి. 2025 నుంచి 13 భాషల్లో పెడుతున్నారు, తెలుగు కూడా ఉంది. రాబర్ట్స్ కాలంలో పుట్టుక అడ్డం, నిన్నటిదాకా భాష అడ్డం. ఆ రెండోది తియ్యడానికి స్వాతంత్ర్యం వచ్చాక డెబ్భై ఏడేళ్ళు పట్టింది.

బయల్దేరే రోజు బస్టాండుకి నన్ను దింపడానికి వాడే బండి తీశాడు. దారిలో తిలంగాల కథ మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఇది పరీక్షల వస్తదా అన్నా?" అన్నాడు. రాదురా అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి ర్యాలీల ఎవడన్న మీ దిక్కు నుంచి ఎవడొస్తడ్రా అంటే చెప్పనీకె పనికొస్తది" అన్నాడు.

చరిత్ర ఎందుకు చదవాలంటే ఇంతకన్నా మంచి జవాబు నాకైతే దొరకలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.