ఔత్సాహిక పద్యగానం

ఔత్సాహిక పద్యగానం అనగా నాటకాన్ని వృత్తిగా స్వీకరించని సామాన్యులు తెలుగు పౌరాణిక నాటకాలలోని పద్యాలను రాగయుక్తంగా పాడుతూ, ఒకరి గానాన్ని మరొకరు విని, తప్పులు దిద్దుకొని, పరస్పరం ప్రోత్సహించుకొనే సంప్రదాయం. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు దీనికి పేరెన్నికగన్నవి. పత్తి, మిరప పండించే రైతులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చేనేతవారు, చిరువ్యాపారులు ఇందులో ఉన్నారు. వీరిలో చాలామంది గురువు ఎదుట కూర్చొని సంగీతం అభ్యసించినవారు కారు. గ్రామఫోను రికార్డు, రేడియో, టేపు, చేతిఫోను వీరికి గురుస్థానంలో నిలిచాయి. పద్యం సామాన్యుని నోట నిలిచి ఉండడానికి ఈ పద్ధతి ముఖ్యకారణం. గానశైలులు కొన్ని బాణీలకే పరిమితం కావడానికి కూడా ఇదే కొంతవరకు కారణమైంది.

ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అనగా 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనకు పూర్వపు జిల్లాలు. పల్నాడు, బాపట్ల జిల్లాలలోని చాలా భాగం అప్పట్లో వీటిలోనే ఉండేది.

నేపథ్యం

తెలుగు నాటకంలో పద్యాలను రాగంతో పాడే పద్ధతి 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో వ్యాపించింది. బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1852-1912) నాటకాలు, తెలుగుదేశంలో పర్యటించిన ధార్వాడ నాటక సమాజాల ప్రదర్శనలు ఇందుకు దోహదం చేశాయి. తరువాత వచ్చిన తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) రచించిన సత్యహరిశ్చంద్రీయం ఔత్సాహికులకు పాఠ్యగ్రంథాల వంటివి అయ్యాయి. బలిజేపల్లి జన్మస్థలం బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడు.

ఈ ప్రాంతం అనేకమంది ప్రసిద్ధ నటగాయకులకు పుట్టినిల్లు. స్త్రీ పాత్రధారణలో పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు (1902-1971) బాపట్లలో జన్మించాడు. నోట వేలుంచి ఈలతో రాగాలు పలికించిన ఈలపాట రఘురామయ్య (1901-1975) స్వగ్రామం గుంటూరు జిల్లా సుద్దపల్లి. దుర్యోధన పాత్రకు పేరొందిన మాధవపెద్ది వెంకట్రామయ్య కూడా ఈ జిల్లావాడే. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలోనే ప్రారంభమైంది.

పల్లెలలో నాటకాలు ఎక్కువగా పండుగలు, తిరునాళ్ళ సందర్భంగా రాత్రివేళల్లో జరిగేవి. తెల్లవార్లు సాగే ప్రదర్శనలో ఒకే కృష్ణ పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు ఘట్టాలవారీగా ధరించడం వాడుక. పడకసీను ఒకరు, రాయబారం మరొకరు పోషించేవారు. దీనివలన శ్రోతలకు ఒకే రాత్రి భిన్న బాణీలను పోల్చి చూసే అవకాశం కలిగేది. మరునాడు పొలంలోనో రచ్చబండ వద్దనో ఆ పద్యాలను పాడి చూసుకోవడంతో ఔత్సాహికుని సాధన మొదలయ్యేది.

గానపద్ధతి

పద్యగానానికి తాళనియమం లేదు. గాయకుడు హార్మోనియం శ్రుతిపై ఆధారపడి, ఛందస్సు నడకను, భావాన్ని అనుసరించి పాడతాడు. సాధారణంగా పద్యపాదాలను స్పష్టంగా పలికి, పాదం చివరనో పద్యం చివరనో రాగాన్ని విస్తరిస్తాడు. మోహన, కల్యాణి, బిలహరి, కాంభోజి, ముఖారి, హిందోళం వంటి రాగాలు తరచుగా వినిపిస్తాయి.

మైకు లేని రోజులలో చివరి వరుసకు సైతం వినిపించడానికి నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు. హార్మోనియం మెట్లను ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్కించడం దక్షిణాదిన వాడుక. పాశ్చాత్య సంగీతంలోని సి స్వరం ఒకటవ శ్రుతి, ఎఫ్ నాలుగవది, జి ఐదవది అవుతాయి. కచేరీలలో పురుష గాయకులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతులలో పాడగా, రంగస్థల గాయకులు నాలుగు, ఐదు శ్రుతులను అందుకోవడం గొప్పగా భావించేవారు.

కొత్తగా నేర్చేవారు ఎక్కువగా పొరపడేది ఊపిరి తీసుకొనే చోట. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం. చంపకమాలలో 21 అక్షరాలకు 11వది, శార్దూలంలో 19 అక్షరాలకు 13వది, మత్తేభంలో 20 అక్షరాలకు 14వది యతిస్థానాలు. యతి అక్షరమైత్రికి సంబంధించిన నియమమే గాని అక్కడ ఆగి తీరాలన్నది కాదు. తెలుగు పద్యంలో యతిస్థానం తరచుగా పదం నడుమ పడుతుంది. అక్కడ ఆగితే పదం విరిగి అర్థం చెడుతుంది. కనుక అన్వయం తెలిసి, పదం ముగిసిన చోట ఊపిరి తీసుకోవాలి. రికార్డును మాత్రమే విని, పుస్తకం చూడకుండా నేర్చినవారిలో ఈ దోషం త్వరగా పట్టుబడుతుంది.

రికార్డుల పాత్ర

నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పలికేది. వేదికపై చాలాసేపు సాగే రాగవిస్తారాన్ని గాయకుడు ఆ మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చేది. ఆ కుదింపు ఔత్సాహికునికి మేలు చేసింది. పద్యం చిన్నదై, హద్దులు కలిగినదై, పదేపదే విని వల్లించడానికి అనువుగా మారింది. గ్రామఫోను కొనగల ఇల్లు ఊరికి ఒకటో రెండో ఉన్నా, ఆ ఇంటి అరుగు వినేవారందరికీ పాఠశాల అయ్యేది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమై పద్యనాటకాలను ఇంటింటికీ చేర్చింది. నాటకరంగానికి ప్రాణమైన హార్మోనియాన్ని మాత్రం గమకాలు పలకవనే కారణంతో రేడియో 1940లో నిషేధించి, 1970ల ఆరంభం నుండి క్రమంగా సడలించింది. రేడియోలో ఒకసారి వినిపించిన పద్యాన్ని తిరిగి వినే వీలు అప్పట్లో శ్రోతకు లేదు.

ఆ లోటును 1980ల నాటికి సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన కాసెట్టు తీర్చింది. హరిశ్చంద్ర పాత్రలో డి.వి.సుబ్బారావు, కృష్ణ పాత్రలో పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఎ.వి.సుబ్బారావు వంటివారి పద్యాలు ఈ విధంగా ఊరూరా చేరాయి. కాసెట్టు తెచ్చిన పెద్ద మార్పు మరొకటి ఉన్నది. సామాన్యుడు తన గొంతును తాను వినగలిగాడు. పాడుతున్నప్పుడు తెలియని అపశ్రుతి, తడబాటు టేపులో తెలిసేవి. తాను పాడిన టేపును పొరుగూరి మిత్రునికి పంపి అభిప్రాయం కోరడం, అతడు తన టేపును బదులు పంపడం ఔత్సాహికులలో సాధారణమైంది. నేడు ఇదే పని చేతిఫోను ద్వారా క్షణాలలో జరుగుతున్నది.

పరస్పర ప్రోత్సాహం

నాటకశాలలో మెప్పుకు గుర్తు ‘వన్స్ మోర్’ అనే కేక. పద్యం నచ్చితే పాత్రధారి కథను ఆపి దానిని తిరిగి పాడవలసిందే. మెచ్చినవారు చదివింపులు ఇవ్వడం, వారి పేర్లను మైకులో ప్రకటించడం కూడా కలదు. ఔత్సాహికుల చిన్న కూడికలలో మెప్పు ఇంత బిగ్గరగా ఉండదు గాని, దాని అవసరం ఎక్కువ. పగలంతా వేరే పని చేసి, నడివయసులో తొలిసారి గొంతు విప్పిన వ్యక్తికి వేదిక, పారితోషికం, పేరు ఉండవు. వినే నలుగురే అతనికి సభ.

ఇటువంటి కూడికలలో హార్మోనిస్టు స్థానం ముఖ్యమైనది. గాయకుని గొంతుకు తగిన శ్రుతిని నిర్ణయించేది, రాగం తప్పినప్పుడు స్వరం అందించి దారికి తెచ్చేది అతడే. అనుభవజ్ఞులు సాధారణంగా మొదట మెచ్చదగిన అంశాన్ని చెప్పి, తరువాత ఒకటి రెండు దోషాలను మాత్రమే చూపుతారు. ఉచ్చారణ దోషాలు, ముఖ్యంగా ఒత్తక్షరాలు, శ-ష-స భేదం, ఎక్కువగా చర్చకు వస్తాయి. పొగడ్త మాత్రమే లభిస్తే గాయకుడు ఎదగడు, తప్పులే ఎంచితే మరుసటిసారి రాడు. ఈ రెంటి నడుమ సమతూకం ఉన్న బృందాలే ఎక్కువకాలం నిలుస్తాయి.

అనుకరణపై విమర్శ

ఒకే గాయకుని రికార్డు వందలాది ఊళ్ళలో గురువైనందున, శ్రోతలు పద్యాన్ని ఆ బాణీలోనే ఆశించడం మొదలైంది. రాగం మార్చితే తప్పు పాడినట్లు భావించే స్థితి ఏర్పడింది. రికార్డుకు ఎక్కని స్థానిక గాయకుల బాణీలు వారితోనే అంతరించాయి. రాగాలాపన మితిమీరి సాహిత్యం మరుగున పడుతున్నదన్న విమర్శ కూడా పాతదే. పీసపాటి గానం ఈ విషయంలో భిన్నమైనదని, భావస్పష్టతకు ప్రాధాన్యమిచ్చినదని రసికులు చెబుతారు.

శ్రుతి విషయంలో మరొక చిక్కు ఉన్నది. రికార్డు గాని టేపు గాని సుమారు 6 శాతం వేగంగా తిరిగితే స్థాయి అరశ్రుతి పెరిగి వినిపిస్తుంది. నకలుకు నకలు తీసిన టేపులలో ఈ తేడా పేరుకొనే అవకాశం ఉన్నది. అటువంటి ప్రతిని ప్రమాణంగా తీసుకొన్న అభ్యాసకుడు అసలు గాయకుడు సైతం పాడని శ్రుతి కోసం గొంతు చించుకుంటాడు.

జాషువా పద్యాలు

నకళ్ళలో మరుగునపడేవి బాణీలు మాత్రమే కావు, కవి పేరు కూడా. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో విశేషాదరణ పొందిన పద్యాలలో కొన్ని బలిజేపల్లివి కావు. అవి వినుకొండలో జన్మించిన గుర్రం జాషువా (1895-1971) రచించిన శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వాటిని సన్నివేశానికి తగినవని గ్రహించి చేర్చగా, అవి నాటకంలో విడదీయరాని భాగమయ్యాయి. రికార్డు వలన పాడినవారి పేరు ఊరూరా తెలిసింది గాని, విన్నవారిలో చాలామంది ఆ పద్యాలను నాటకకర్తవే అనుకున్నారు. జీవితాంతం కులవివక్షను ఎదుర్కొన్న కవి పద్యాలను అన్ని కులాలవారు కన్నీళ్ళతో విని, ఆయన పేరు తెలియకుండా వెళ్ళిపోవడం గమనించదగిన విషయం. పద్యానికి ముందు కవి పేరు చెప్పడం అనే చిన్న అలవాటు ఈ లోపాన్ని సరిదిద్దగలదు.

ఇతర సంగీతాలతో పోలిక

రికార్డు విని నేర్చుకోవడం తెలుగు పద్యానికే పరిమితం కాదు. అమెరికాలోని జాజ్ సంగీతంలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. గిటారు వాద్యకారుడు వెస్ మాంట్‌గోమరీ (1923-1968) తనకు ముందువాడైన చార్లీ క్రిస్టియన్ (1916-1942) రికార్డులను విని, ఆ వాదనాన్ని స్వరం పొల్లుపోకుండా వల్లించి నేర్చుకున్నాడు. తరువాత మీటకు బదులు బొటనవేలితో తంత్రులు మీటుతూ తనదైన నాదాన్ని సాధించాడు. నేటి ఔత్సాహిక జాజ్ గిటారిస్టులు కూడా తమ రికార్డింగులను పరస్పరం వినిపించుకొని అభిప్రాయాలు కోరుతుంటారు. అనుకరణ తొలిమెట్టు మాత్రమేనని, అక్కడే ఆగిపోవడం దోషమని రెండు సంప్రదాయాలూ తెలుపుతున్నాయి.

ప్రస్తుత స్థితి

ప్రభుత్వ నంది నాటకోత్సవాలలో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఉన్నది. 2023 డిసెంబరులో ఈ ఉత్సవాలు గుంటూరులో జరిగాయి. పాత రికార్డులు అనేకం యూట్యూబ్‌లో వినడానికి లభిస్తున్నాయి. ఔత్సాహికుల ఇళ్ళలో మిగిలిన కాసెట్ల పరిస్థితి మాత్రం వేరు. తేమ వలన బూజు పట్టి, అయస్కాంత పూత రాలి అవి పాడవుతున్నాయి. వాటిలో చాలావాటిపై పాడినవారి పేరు సైతం రాసి ఉండదు. ఆ గొంతును గుర్తుపట్టగల వారు జీవించి ఉన్నప్పుడే గాయకుడు, కవి, నాటకం, శ్రుతి, ఊరు, సంవత్సరం అనే వివరాలు రాసి, డిజిటల్ ప్రతి తీసుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

తెలుగు నాటకరంగం
పాండవోద్యోగ విజయాలు
బలిజేపల్లి లక్ష్మీకాంతం
గుర్రం జాషువా
హార్మోనియం