దీపం కింద మొక్క - వేడి సంగతి

కడియం, కడియపులంక మీదుగా వెళ్ళినప్పుడు దారి పొడుగునా నర్సరీలు చూసే ఉంటారు. కాలవ నీరు, ఒండ్రు నేల, పైన సూర్యుడు. ఇంత ఎండ ఉన్నచోట మొక్కకు దీపమెందుకు అంటారా? అడగవలసిన మాటే. అయితే మీరు నాటే టిష్యూకల్చరు అరటి మొక్కను చూడండి. అది తల్లి దుబ్బు పక్కన పుట్టింది కాదు. సీసాలో పుట్టి, గదిలో అరల మీద, రోజుకు సుమారు 16 గంటలు దీపం వెలుగులో పెరిగింది. ఆ గది వేడి 25 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండాలి. చిక్కంతా అక్కడే: వెలుగు కావాలి, వేడి వద్దు.

ఈ చిక్కు పాతదే. 1880లో విలియం సీమెన్స్ అనే ఆయన ఇంగ్లండులో ఆర్కు దీపం పెట్టి రాత్రిళ్ళు మొక్కలు పెంచి చూశాడు. పెరిగాయి గాని, దీపం నేరుగా సోకిన ఆకులు కమిలాయి. మధ్య గాజు పలక పెట్టాక ఆ బాధ తగ్గింది. ఇక తీగ బల్బు సంగతి మరీ అన్యాయం. తిన్న కరెంటులో నూటికి 5 పాళ్ళో, కాస్త ఎక్కువో వెలుగు, తక్కినదంతా వేడి. కోడిపిల్లలను వెచ్చగా ఉంచడానికి బాగుంటుంది, లేత మొక్కకు కాదు. 1938లో ట్యూబులైటు బజారులోకి వచ్చింది. దాన్ని మొక్కకు జానెడు ఎత్తున పెట్టినా ఆకు మాడలేదు. టిష్యూకల్చరు గదులు చాలాకాలం దానితోనే నడిచాయి. చోకు మాత్రం కాలిపోయేది. తెలిసినవాళ్ళు చోకులన్నీ గది బయట బిగించేవారు.

ఎర్రని ఎల్.ఇ.డి. దీపాన్ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేశాడు. అంతరిక్షంలో మొక్కలు పెంచే ప్రయత్నంలో 1980ల చివర విస్కాన్సిన్‌లో దాన్ని మొక్కల మీద పరీక్షించారు. బాగా వెలిగే నీలిదీపం 1990లలో వచ్చింది. దానికి 2014లో ముగ్గురు జపాను దేశంలో పుట్టిన శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానం ఇచ్చారు.

దీన్ని చల్లని దీపమని అమ్ముతారు. అది సగం నిజం. ముందుకు వచ్చే వెలుగు చల్లనిదే, వేడి వెనకకు మళ్ళింది. మంచి దీపమైనా తిన్న కరెంటులో సుమారు సగం వేడిగానే మారుతుంది. అది పోయే దారి లేకపోతే వెలుగు తగ్గుతుంది, దీపం ఆయుష్షు తగ్గుతుంది. వెనక అల్యూమినియం రెక్కలు పెట్టేది అందుకే. వాటిని చెక్కకు ఆనించి బిగించకండి. గాలి కింద నుంచి పైకి పోయే సందు వదలండి. రెక్కల్లో దుమ్ము పేరుకోనివ్వకండి. డ్రైవరు పెట్టెను, వెనకటి చోకులాగే, గది బయట పెట్టండి.

ఇంకా లెక్క ఉంది. 100 వాట్ల దీపాలు పది వెలిగిస్తే ఒక కిలోవాట్. వెలుగుగా వచ్చింది కూడా చివరకు ఆకులోను, గోడలోను చాలావరకు వేడే అవుతుంది. అంటే మూసిన గదిలో కిలోవాట్ కరెంటు పొయ్యి పెట్టినట్లే. ఒక టన్ను ఏసీ సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి లాగుతుంది. ఫాను అలా కాదు, బయటి గాలినే తెస్తుంది. వైశాఖ మాసంలో రాజమండ్రి గాలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అందుచేత ఆ నెలల్లో దీపాలు సాయంత్రం వెలిగించి పొద్దున ఆర్పండి. మొక్కకు చీకటి మధ్యాహ్నం ఇచ్చినా ఒకటే.

దీపం అన్నివేళలా మేత కాదు. ఒక్కొక్కప్పుడు గడియారం మాత్రమే. 1920లో గార్నర్, అల్లార్డ్ అనేవారు ఈ సంగతి బయటపెట్టారు. ఎండాకాలపు పొడుగు పగళ్ళలో పూయని ఒక రకం పొగాకును రోజూ కొంతసేపు చీకటి కొట్టంలో పెట్టి పూయించారు. 1947లో పొగాకు పరిశోధన కేంద్రం వెలిసిన మన రాజమండ్రికి ఇది పరాయి కథ కాదు. చేమంతిదీ ఆ స్వభావమే: రాత్రి నడుమ కాసేపు దీపం పెడితే పూత వెనకబడుతుంది. దానికి చిన్న దీపం చాలు, ఏసీ అక్కరలేదు. ఏ పనికి దీపమో తేల్చుకోకుండా అప్పు చేసి గది కట్టినవాడికి నష్టమే.

గది కట్టారనుకోండి. మొక్కలు పెట్టకముందే ఆకు ఎత్తున థర్మామీటరు వేలాడదీయండి. దీపాలన్నీ వెలిగించి, తలుపు మూసి, రెండు గంటల తరువాత చూడండి. 30 డిగ్రీలు దాటిందంటే సగం దీపాలు ఆర్పి, ముందు వేడి పోయే దారి చూడండి.