శ్రీకాళహస్తి గోపురం: ఒక బీట చరిత్ర

2010 మే 26వ తేదీ రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో నూరుకాళ్ల మండపంతో పాటు కట్టించిన ఏడంతస్తుల గోపురమది. స్వర్ణముఖి నదీతీరాన 494 సంవత్సరాలు నిలిచిన ఆ కట్టడం కొద్ది క్షణాలలో ఇటుకల దిబ్బగా మారింది. అయినప్పటికీ పెద్ద ప్రాణనష్టం తప్పింది. నిలువునా సాగిన బీట అంతకు ముందు రోజులలో వెడల్పు కావడం గమనించి అధికారులు చుట్టుపక్కల ప్రాంతాన్ని ఖాళీ చేయించి, రాకపోకలను నిలిపివేశారు. ప్రాణరక్షణ విషయంలో యంత్రాంగం సకాలంలోనే మేలుకొన్నదని చెప్పాలి. కట్టడం విషయంలో అలా చెప్పడానికి వీలులేదు. ఆ గోపురానికి బీటలున్న సంగతి ఆ వారంలో తెలిసినది కాదు. ఊరివారికి, యాత్రికులకు కూడా అది చిరపరిచితమే.

కూలడానికి ఆరు రోజుల ముందు లైలా తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. తుపానును నిందించడం తేలిక. కాని అయిదు శతాబ్దాలలో ఆ గోపురం అటువంటి తుపానులను ఎన్నింటినో చూసింది. అన్నింటికీ తట్టుకొని నిలిచినది చివరకు ఎందుకు ఒరిగిపోయిందన్నది తెలుసుకోవాలంటే విజయనగర కాలపు గోపురాల నిర్మాణ పద్ధతిని కొంత పరిశీలించాలి.

ఈ గోపురాలలో కింది భాగం రాతికట్టడం. పై అంతస్తులు ఇటుకతో, సున్నంతో కట్టినవి. వాటిపై గచ్చుతో తీర్చిన బొమ్మలుంటాయి. కింద మధ్యభాగంలో ఎత్తైన ద్వారం, దానికి సరిగ్గా పైన ప్రతి అంతస్తులోను ఒక గవాక్షం. అంటే అడుగు నుండి శిఖరం దాకా ఒకే నిలువుగీతపై గోడ మాటిమాటికీ తెగుతూ పోతుంది. బరువంతా ద్వారానికి ఇరువైపులా ఉన్న రెండు భుజాలపై పడుతుంది. ఆ రెండింటిలో ఒక దాని కింద నేల ఏ కొంచెం దిగినా గోపురం ఆ మధ్యగీత వెంటనే విడివడుతుంది. గోపురాల నడుమ నిలువు బీట కనిపించడంలో వింత లేదు. శిల్పశాస్త్రం కోరిన రూపంలోనే ఆ బలహీనత ఇమిడి ఉన్నది.

అయితే బీట పడిన కట్టడమంతా పడిపోదు. దేశంలోని పురాతన కట్టడాలలో బీట లేనిది అరుదు. డంగు సున్నంతో కట్టిన గోడకు కొంత ఒదిగే గుణమున్నది. సన్నని పగుళ్లలోకి దిగిన తేమ సున్నాన్ని కరిగించి, ఆరేటప్పుడు మళ్లీ అక్కడే పేరుస్తుంది. వెంట్రుకవాసి పగుళ్లు ఈ విధంగా తమంత తామే పూడుకొంటాయి. అంతకు మించి వెడల్పయిన బీటలోకి వాన నీరు దిగినప్పుడు కథ మారుతుంది. మందమైన పాత గోడలలో వెలుపలి వరుసల మధ్య ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పూడిక ఉండడం పరిపాటి. నీరు ఆ పూడికలోని సున్నాన్ని కడిగివేస్తే అది కిందికి దిగి, వెలుపలి వరుసలను బయటికి తోస్తుంది. పక్షులు వేసిన రావి గింజ మొలకెత్తితే దాని వేరు మిగిలిన పని పూర్తి చేస్తుంది.

కాబట్టి బీట ఉన్నదా లేదా అన్నదాని కంటే అది కదులుతున్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. అనుభవజ్ఞులైన మేస్త్రీలు ఈ సంగతిని బీట అంచులను చూసి చాలా వరకు పసిగట్టగలరు. అంచులు మొరటుబారి, లోపల దుమ్ము, నాచు, పాత వెల్ల కనిపిస్తే అది పాత బీట. అంచులు పదునుగా, ఇటుక లోపలి రంగు తాజాగా కనిపిస్తే అది నిన్నమొన్నటిది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే గోడ చివరలు కుంగినట్లు. కింద వెడల్పుగా ఉంటే నడిమి భాగం కుంగినట్లు. అడ్డంగా సాగిన పగులు సాధారణంగా గోడ బయటికి ఉబ్బుతున్నదని గాని, లోపలి ఇనుము తుప్పుపట్టి పెరుగుతున్నదని గాని తెలుపుతుంది. నల్లరేగడిపై కట్టిన గోడల బీటలు వేసవిలో నేల నెర్రెలు వారినప్పుడు తెరచుకొని, వానలు పడగానే మూసుకొనడం కూడా కద్దు. ఒక్కసారి చూసినంత మాత్రాన ఈ భేదం తెలియదు. బీటకు అడ్డంగా ఒక పలుచని గాజు పలకను అంటించి, తేదీ వేసి, ఏడాది పొడుగునా గమనించాలి. గోడ కదిలితే గాజు పగులుతుంది.

ఈ గాజు పలకల చరిత్రలో వెనీసు నగరపు ఉదంతం ప్రసిద్ధమైనది. అక్కడి సెయింట్ మార్క్ గంటల గోపురానికి 1902 జులైలో ఉత్తరపు గోడపై బీట కనిపించింది. గాజు పలకలు అంటించారు, అవి పగిలాయి. కూడలిని ఖాళీ చేయించారు. 14వ తేదీ ఉదయం గోపురం ఉన్నచోటనే కుప్పకూలింది. మనుషులెవరూ మరణించలేదు. 1912లో పాత రూపంలోనే మళ్లీ కట్టారు. శ్రీకాళహస్తి కథకు, దీనికి ఎంత పోలికో వేరుగా చెప్పనక్కరలేదు. రెండు చోట్లా హెచ్చరిక మనుషులను కాపాడింది. గోపురాన్ని కాపాడడానికి మాత్రం అది చాలా ఆలస్యంగా అందింది.

భారతదేశంలో గోడల మరమ్మత్తుకు దీర్ఘమైన చరిత్రే ఉన్నది. ఢిల్లీలోని కుతుబ్ మినార్ 1368లో పిడుగుపాటుకు దెబ్బతినగా ఫిరోజ్ షా తుగ్లక్ పై అంతస్తును తిరిగి కట్టించాడు. 1503లో సికందర్ లోడీ మరల బాగుచేయించాడు. విశేషమేమిటంటే ఈ మరమ్మత్తుల వివరాలు మినార్ పైనే శాసనాలుగా ఉన్నాయి. పనిచేసిన శిల్పుల పేర్లు సైతం నాగరి లిపిలో కనిపిస్తాయి. ఏ భాగం ఎప్పటిదో ఈనాటి ఇంజనీరు చదివి తెలుసుకోగలడు. దీనికి భిన్నమైనది కోణార్క్ అనుభవం. అక్కడి జగన్మోహన మండపం కూలకుండా 1903లో లోపలంతా ఇసుకతో నింపి ద్వారాలను మూసివేశారు. ఆనాటికి అది కట్టడాన్ని నిలబెట్టిన చర్యే. కాని లోపలి గోడలు ఒక శతాబ్దానికి పైగా ఎవరి కంటికీ కనబడలేదు. ఇసుక కిందికి దిగి పైన ఖాళీ ఏర్పడినట్లు తరువాతి పరీక్షలలో తేలింది.

ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చిన సిమెంటు ఈ కప్పిపుచ్చే అలవాటును ఇంటింటికీ తెచ్చింది. సిమెంటు చెడ్డదని కాదు. పాత ఇటుక కంటే అది గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. సున్నపు గోడలోని బీటను సిమెంటుతో పూడ్చితే కదలిక ఆగదు. పక్కనున్న మెత్తని ఇటుకలో కొత్త బీట పుడుతుంది. లోపల చిక్కిన తేమ ఉప్పులను పైకి తెచ్చి ఇటుకను పొడిచేస్తుంది. అయినా ఈ పద్ధతి ఎందుకు కొనసాగుతున్నదంటే, పూసిన సిమెంటుకు కొలతల పుస్తకంలో పద్దు ఉంటుంది. చూసిన చూపుకు పద్దు లేదు. ఏడాది పాటు గాజు పలకను గమనించిన ఉద్యోగికి ఏ శీర్షిక కింద ఖర్చు చూపాలో తెలియదు. ఉద్యోగి బదిలీ అయినప్పుడు ఆ జ్ఞానమూ అతనితోనే వెళ్లిపోతుంది.

కాకతీయుల కట్టడాలకు మరొక వెసులుబాటు ఉన్నది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం దిగువన ఇసుక పునాది కుంగి రాళ్లు ఎడమైనప్పుడు, దానిని విప్పదీసి, పునాదిని సరిచేసి, రాళ్లను మళ్లీ అమర్చారు. దీర్ఘకాలం సాగిన ఆ పని ముగిసి 2024 మార్చిలో మండపం ప్రారంభమైంది. రాతి కట్టడాన్ని ఈ విధంగా విప్పి కట్టవచ్చు. ఇటుక, సున్నం, గచ్చు బొమ్మలు ఏకమైన గోపురాన్ని అలా విప్పడం సాధ్యం కాదు. దానికి ముందుజాగ్రత్త ఒక్కటే దారి: ఏటేటా పై అంతస్తుల మొలకలు పెరికించడం, నీరు నిలవకుండా చూడడం, బీట కొలతను, తేదీని దస్త్రంలో నమోదు చేయడం, పూడ్చవలసి వస్తే పాత సున్నానికి సరిపడే సున్నంతోనే పూడ్చడం, పునాది పక్కన తవ్వకాలకు అనుమతించే ముందు ఆ దస్త్రం చూడడం.

శ్రీకాళహస్తిలో అదే చోట నిర్మించిన కొత్త రాజగోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. రాయల కాలపు మేస్త్రీలు ఆ ఏడంతస్తులను ఎలా పేర్చారో, ఆ తరువాత ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఏ బీటను ఏ సున్నంతో పూడ్చారో తెలిపే వెలుపలి గోడ మాత్రం ఇప్పుడు లేదు.