మధ్య రౌండ్ల ఎంపిక (ఫాంటసీ ఫుట్‌బాల్)

అమెరికన్ ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) సుమారు 5 నుంచి 10వ రౌండ్ వరకు సాగే ఎంపికలను మధ్య రౌండ్ల ఎంపికలంటారు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టే ఈ ఆట 1960ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు చెందిన బిల్ వింకెన్‌బాక్, ఆయన మిత్రుల చేతుల్లో రూపుదిద్దుకుంది. మన ఫాంటసీ క్రికెట్‌లో ఒకే ఆటగాణ్ని ఎందరైనా తీసుకోవచ్చు. డ్రాఫ్ట్ లీగులో మాత్రం ఒక ఆటగాడు ఒక్క జట్టుకే చెందుతాడు.

క్రమం: ఎక్కువగా వాడే స్నేక్ పద్ధతిలో రౌండు రౌండుకూ వరుస తిరగబడుతుంది. 12 జట్ల లీగులో మొదటి స్థానం వచ్చినవారికి 5వ రౌండులో 49వ ఎంపిక, 6వ రౌండులో 72వ ఎంపిక దక్కుతాయి. ఈ రెండింటి మధ్య 22 మంది చేజారిపోతారు. అందుకే తన వంతు మళ్లీ వచ్చేసరికి ఎవరు మిగులుతారో సగటు డ్రాఫ్ట్ స్థానాన్ని (ఇతర డ్రాఫ్టుల్లో ఒక ఆటగాణ్ని సగటున ఎన్నో ఎంపికగా తీసుకుంటున్నారో దాన్ని) బట్టి అంచనా వేసుకోవాలి.

వ్యూహం: ఈ దశకు పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు (బంతితో పరుగెత్తే ఆటగాళ్లు) దాదాపు అయిపోతారు. మిగిలినవారిలో చాలామందికి తమ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో స్థానం ఖాయం కాదు. కాబట్టి పలువురు పాస్‌లు అందుకునే వైడ్ రిసీవర్ల వైపు మొగ్గుతారు. ఒకే క్వార్టర్‌బ్యాక్‌ను (పాస్‌లు విసిరే ఆటగాణ్ని) ఆడించే లీగుల్లో ఆ స్థానాన్ని ఇక్కడే భర్తీ చేయడం పరిపాటి. ఒక స్థానానికి వరుసగా గిరాకీ పెరిగినప్పుడు గుంపును అనుసరించకుండా, అదే స్థాయి ఆటగాళ్లు ఇంకెందరున్నారో లెక్కచూడటం మేలు.

ఉదాహరణ: 2021లో లాస్ ఏంజెలిస్ రామ్స్ రిసీవర్ కూపర్ కప్ చాలా లీగుల్లో 4, 5 రౌండ్ల దాకా అందుబాటులో ఉన్నాడు. ఆ సీజన్‌లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 రిసీవింగ్ టచ్‌డౌన్లతో మూడింటిలోనూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అగ్రస్థానం సాధించాడు.