యానా నొవోత్నా

యానా నొవోత్నా (1968 అక్టోబరు 2 – 2017 నవంబరు 19) చెక్ టెన్నిస్ క్రీడాకారిణి, 1998 వింబుల్డన్ మహిళల సింగిల్స్ విజేత. సింగిల్స్‌లో 24, డబుల్స్‌లో 76 టైటిళ్లు గెలిచింది. గ్రాండ్‌స్లామ్ టోర్నీల వరకే లెక్కేస్తే సింగిల్స్‌లో ఒకటి, మహిళల డబుల్స్‌లో పన్నెండు, మిక్స్‌డ్ డబుల్స్‌లో నాలుగు, మొత్తం 17 ట్రోఫీలు ఆమెవి. డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయింది, సింగిల్స్‌లో రెండో ర్యాంకు దాకా వెళ్లింది. ఇంత సాధించినా ఆమె పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది 1993 వింబుల్డన్ ఫైనల్లో ఓడిపోయి, బ్రిటిష్ రాజకుటుంబీకురాలు డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తల వాల్చి ఏడ్చిన దృశ్యమే. ఆ ఓటమి ఆమె కథలో పెద్ద ఘట్టమే, కాదనలేం. కానీ అదే ఆమె కథంతా అనుకోవడం అన్యాయం. ఐదేళ్ల తర్వాత అదే సెంటర్ కోర్టులో, అదే ఆటతో ఆమె కప్పు గెలిచింది. తనను ముంచిందని అందరూ నిందించిన ఆటతీరును వదలకుండానే గెలవడం నొవోత్నా కెరీర్‌లోని అసలు విశేషం.

బ్ర్నో నుంచి ప్రపంచ టెన్నిస్‌కు

మొరావియా ప్రాంతంలోని బ్ర్నో నగరంలో నొవోత్నా పుట్టింది. ప్రాగ్ తర్వాత చెక్ దేశంలో పెద్ద నగరం అదే. అప్పటికి అది చెకొస్లొవేకియా, కమ్యూనిస్టు పాలనలోని దేశం. జనాభా తక్కువే అయినా మహిళల టెన్నిస్‌లో ఆ దేశానికి గట్టి పరంపర ఉంది. 1962లో వేరా సుకోవా వింబుల్డన్ ఫైనల్ ఆడింది. ప్రాగ్‌లో పుట్టిన మార్టినా నవ్రతిలోవా 1975లో అమెరికాలో ఆశ్రయం కోరి, అక్కడి నుంచే తొమ్మిదిసార్లు వింబుల్డన్ సింగిల్స్ గెలిచింది. హానా మాండ్లికోవా నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు సాధించింది. వేరా కూతురు హెలెనా సుకోవా కూడా ప్రపంచ స్థాయి క్రీడాకారిణే. నొవోత్నా 1987లో ప్రొఫెషనల్‌గా మారేనాటికి ఆమె ముందున్న వరస ఇది.

మొదట పేరొచ్చింది డబుల్స్‌లోనే. 1988లో అమెరికా ఆటగాడు జిమ్ ప్యూతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్, యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిళ్లు గెలిచింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ కూడా ఆ జోడీకే దక్కాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో హెలెనా సుకోవాతో కలిసి మహిళల డబుల్స్‌లో రజతం తెచ్చింది. ఫెడ్ కప్ గెలిచిన చెకొస్లొవేకియా జట్టులో ఆమె ఉన్నదీ ఆ ఏడాదే. 1989 వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన నొవోత్నా–సుకోవా జోడీ 1990లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్ టైటిళ్లను వరసగా పట్టేసింది. ఆ ఆగస్టులో నొవోత్నా డబుల్స్ నంబర్‌వన్ అయింది.

సింగిల్స్‌లో ఆమెను మంచి క్రీడాకారిణి స్థాయి నుంచి టైటిల్ కోసం పోటీపడే స్థాయికి చేర్చింది మాండ్లికోవా. 1990లో ఆటకు వీడ్కోలు చెప్పిన మాండ్లికోవా తర్వాత నొవోత్నాకు కోచ్‌గా మారింది. ఇద్దరిదీ దూకుడైన ఆటే. మాండ్లికోవా రెండుసార్లు వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది కాబట్టి, శిష్యురాలు ఏ దశలో ఏం అనుభవిస్తుందో ఆమెకు స్వయంగా తెలుసు. 1991 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో నొవోత్నా స్టెఫీ గ్రాఫ్‌ను 5–7, 6–4, 8–6తో ఓడించింది. తొలిసారి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్ చేరి, తొలి సెట్ గెలిచి కూడా మోనికా సెలెస్ చేతిలో 5–7, 6–3, 6–1తో ఓడింది.

ఆట తీరు

సర్వీస్ చేసి వెంటనే నెట్ దగ్గరికి పరుగెత్తడం, ప్రత్యర్థి కొట్టిన బంతిని నేలను తాకనివ్వకుండా వాలీతో ముగించడం నొవోత్నా పద్ధతి. బ్యాక్‌హ్యాండ్‌ను ఎక్కువగా స్లైస్ చేసేది. ఎదుటివారి సెకండ్ సర్వీస్ బలహీనంగా పడితే, బంతిని కోసినట్టు తక్కువ ఎత్తులో లోతుగా పంపి, దాని వెనకే ముందుకు వచ్చేసేది. గడ్డి మీద అలాంటి బంతి సరిగా లేవదు. ప్రత్యర్థి వంగి పైకి లేపి కొట్టాల్సిందే, అప్పటికే నొవోత్నా నెట్ దగ్గర కాచుకుని ఉండేది.

ఈ ఆటలో అందం ఎంత ఉందో అపాయం అంతే ఉంది. బేస్‌లైన్ దగ్గర ఆడేవాళ్లకు ఒక తప్పు జరిగినా తేరుకోవడానికి ర్యాలీలో సమయం దొరుకుతుంది. నెట్ దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సెకండ్ సర్వీస్ మెత్తగా వేస్తే ప్రత్యర్థి చీల్చేస్తుంది, గట్టిగా వేస్తే డబుల్ ఫాల్ట్ భయం. చెయ్యి కాస్త బిగుసుకుంటే మొదట దెబ్బతినేవి సర్వీసు, వాలీలే. 1993లో జరిగింది ఇదే. 2001 నుంచి వింబుల్డన్ కోర్టుల్లో గడ్డి రకాన్ని పూర్తిగా రై గ్రాస్‌కు మార్చారు. బంతి ఇంకాస్త ఎత్తుకు లేస్తుండటంతో నొవోత్నా మాదిరి ఆట మహిళల సింగిల్స్‌లో దాదాపు కనుమరుగైంది. ఆ ఆటను చివరిదాకా నమ్మి వింబుల్డన్ గెలిచిన కొద్దిమందిలో ఆమె ఒకరు.

1993 ఫైనల్

1993 జనవరి 1న చెకొస్లొవేకియా రెండుగా విడిపోయింది. ఆరు నెలల తర్వాత, కొత్తగా పుట్టిన చెక్ రిపబ్లిక్ క్రీడాకారిణిగా నొవోత్నా వింబుల్డన్ బరిలో దిగింది. క్వార్టర్‌ఫైనల్లో గాబ్రియేలా సబాటినీని, సెమీఫైనల్లో నవ్రతిలోవాను వరస సెట్లలో ఓడించింది. జులై 3న ఫైనల్లో ఎదురుగా గ్రాఫ్.

తొలి సెట్ టైబ్రేకర్‌లో గ్రాఫ్ గెలిచింది. రెండో సెట్‌ను నొవోత్నా 6–1తో లాగేసుకుంది. మూడో సెట్లో 4–1 ఆధిక్యం, పైగా సర్వీస్ ఆమెదే, స్కోరు 40–30. ఆ ఒక్క పాయింట్ గెలిస్తే 5–1. అక్కడ సెకండ్ సర్వీస్ బయటికి పోయింది, డబుల్ ఫాల్ట్. ఆ వెంటనే అందిన వాలీ గురి తప్పింది. మరో బంతి తలమీదికి లేచి వచ్చింది, రోజూ కళ్లు మూసుకుని కొట్టే స్మాష్, అది నెట్‌కు తగిలింది. 4–2. తర్వాతి గేమ్‌ను గ్రాఫ్ నిలబెట్టుకుంది. 4–3 దగ్గర మళ్లీ సర్వీస్‌కు వచ్చిన నొవోత్నా ఆ ఒక్క గేమ్‌లోనే మూడు డబుల్ ఫాల్ట్‌లు చేసింది. గ్రాఫ్ వరసగా ఐదు గేములు గెలిచి 7–6, 1–6, 6–4తో కప్పు పట్టుకుపోయింది.

బహుమతి ప్రదానంలో డచెస్ ఆఫ్ కెంట్ ఆమె చేతులు పట్టుకుని, నువ్వు ఏదో ఒకరోజు గెలుస్తావు, నాకు తెలుసు అన్నట్టుగా ఓదార్చింది. నొవోత్నా ఆపుకోలేకపోయింది. రాచమర్యాదలకు పెట్టింది పేరైన చోట, రాజకుటుంబీకురాలి భుజం మీద ఒక క్రీడాకారిణి వెక్కివెక్కి ఏడ్చిన ఫొటో మర్నాడు ప్రపంచమంతా అచ్చయింది. ఎదుట ఉన్నది అప్పటికే నాలుగుసార్లు వింబుల్డన్ గెలిచిన గ్రాఫ్ అన్నది ఆ ఫొటో వెలుగులో చాలామంది మరిచిపోయారు. ఫైనల్లో రెండో సెట్ 6–1తో గెలిచి, మూడో సెట్లో రెండు బ్రేకులు ముందుండటం అంటే ఆరోజు చాలాసేపు గ్రాఫ్ కన్నా నొవోత్నాయే బాగా ఆడిందని అర్థం.

ముద్ర, దానితో పోరాటం

ఒత్తిడికి చేతులెత్తేస్తుందన్న ముద్ర ఆ రోజుతో పడిపోయింది. 1995 ఫ్రెంచ్ ఓపెన్ మూడో రౌండు దాన్ని ఇంకా గట్టి చేసింది. అమెరికా క్రీడాకారిణి చాందా రూబిన్‌పై నిర్ణాయక సెట్లో 5–0, 40–0తో ముందుండి, మొత్తం తొమ్మిది మ్యాచ్ పాయింట్లు చేజార్చుకుని 8–6తో ఆ సెట్‌ను, మ్యాచ్‌నూ కోల్పోయింది. ఇది నిజంగా సమర్థించలేని ఓటమి.

అయితే అదే కాలంలో ఆమె ఏం గెలిచిందో పక్కన పెట్టకూడదు. ఆ ఓటమి తర్వాత వచ్చిన వింబుల్డన్‌లోనే సెమీఫైనల్ చేరి, గ్రాఫ్‌తో మూడు సెట్లు పోరాడింది. అరాంచా సాంచెజ్ వికారియోతో కలిసి అక్కడే డబుల్స్ గెలిచింది. 1996లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ ఆడింది. అట్లాంటా ఒలింపిక్స్‌లో చెక్ రిపబ్లిక్ తరఫున సింగిల్స్ కాంస్యం, సుకోవాతో డబుల్స్ రజతం తెచ్చింది. కాంస్య పతక పోరులో ఆతిథ్య దేశపు మేరీ జో ఫెర్నాండెజ్‌ను ఆమె సొంత ప్రేక్షకుల మధ్యే వరస సెట్లలో ఓడించింది.

1997, 1998

1997 వింబుల్డన్ ఫైనల్లో పదహారేళ్ల మార్టినా హింగిస్‌పై తొలి సెట్ 6–2తో గెలిచి, తర్వాతి రెండు సెట్లు 6–3, 6–3తో ఓడింది. పొత్తికడుపు కండరాల నొప్పితోనే ఆ మ్యాచ్ ఆడింది. ఈసారి ఏడుపు లేదు. ట్రోఫీ వేడుకలో డచెస్‌తో నవ్వుతూ మాట్లాడింది. మూడోసారి నీదే అని డచెస్ అన్నట్టు ఆమే చెప్పింది. ఆ సోమవారమే సింగిల్స్‌లో ప్రపంచ రెండో ర్యాంకుకు చేరింది. నవంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, సీజన్ చివర అగ్రశ్రేణి క్రీడాకారిణులు మాత్రమే ఆడే ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మేరీ పియర్స్‌ను 7–6, 6–2, 6–3తో ఓడించింది. అప్పట్లో ఐదు సెట్ల పద్ధతిలో జరిగిన ఆ ఫైనల్‌ను మూడు సెట్లలోనే ముగించడం, ఒత్తిడి తట్టుకోలేదన్న మాటకు మొదటి గట్టి జవాబు.

1998లో మూడో సీడ్‌గా వింబుల్డన్‌కు వచ్చింది. క్వార్టర్‌ఫైనల్లో వీనస్ విలియమ్స్‌ను 7–5, 7–6తో, సెమీఫైనల్లో డిఫెండింగ్ ఛాంపియన్ హింగిస్‌ను 6–4, 6–4తో ఓడించింది. టోర్నీ మొత్తంలో ఆమె ఉత్తమ ప్రదర్శన ఆ సెమీఫైనలే. జులై 4న ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన 16వ సీడ్ నతాలీ తోజియాపై 6–4, 7–6తో గెలిచింది. తోజియా కూడా నెట్ దగ్గరికి వచ్చే రకమే కాబట్టి అది పాతకాలపు గడ్డి కోర్టు ఫైనల్‌లా సాగింది. రెండో సెట్ టైబ్రేకర్‌కు వెళ్లినప్పుడు 1993 గుర్తురాని ప్రేక్షకుడు లేడు. నొవోత్నా దాన్ని 7–2తో ముగించింది. కప్పు అందించింది అదే డచెస్. అప్పటికి నొవోత్నా వయసు 29 ఏళ్ల 9 నెలలు. ఓపెన్ యుగంలో అంత వయసులో తొలి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మహిళ అంతకుముందు లేదు. ఆ రికార్డును 2010లో ఫ్రాన్సెస్కా షియావోనీ దాటింది.

సెమీఫైనల్లో తను ఓడించిన హింగిస్‌తోనే జతకట్టి ఆ వింబుల్డన్ డబుల్స్ కూడా నొవోత్నా గెలిచింది. ఆ ఏడాది ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్ డబుల్స్ కూడా ఈ జోడీవే. తెలుగువాళ్లకు ఇక్కడో పరిచయమైన దారి కనిపిస్తుంది: ఇదే హింగిస్ 2015, 2016ల్లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాతో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది.

రిటైర్మెంట్, క్రేచికోవా

నొవోత్నా 1999లో ఆట నుంచి తప్పుకుంది. 2005లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. తర్వాత ఆమె చేసిన పెద్ద పని బార్బోరా క్రేచికోవాకు దారి చూపడం. 2014లో, జూనియర్ స్థాయి దాటి ఎటు వెళ్లాలో తేల్చుకోలేని పద్దెనిమిదేళ్ల క్రేచికోవా ఒక లేఖ పట్టుకుని నొవోత్నా ఇంటి తలుపు తట్టింది. నొవోత్నా ఆమెను వెంటబెట్టుకుని టోర్నీలకు తిరిగింది, శిక్షణ ఇచ్చింది. క్యాన్సర్‌తో 49 ఏళ్లకే చనిపోయేముందు, ఆటను ఆస్వాదించు, గ్రాండ్‌స్లామ్ గెలవడానికి ప్రయత్నించు అని శిష్యురాలికి చెప్పింది. 2018లో కతెరినా సినియకోవాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ డబుల్స్ గెలిచిన క్రేచికోవా, 2021లో సీడింగ్ లేకుండానే ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ గెలిచింది. 2024లో జాస్మిన్ పవోలీనీని 6–2, 2–6, 6–4తో ఓడించి వింబుల్డన్ సింగిల్స్ విజేతల పట్టికలో గురువు పేరున్న చోట తన పేరూ చేర్చింది.

చెక్ రిపబ్లిక్ జెండా కింద వింబుల్డన్ మహిళల సింగిల్స్ గెలిచిన మొదటి క్రీడాకారిణి నొవోత్నా. పెట్రా క్విటోవా (2011, 2014), మార్కెటా వొండ్రుసోవా (2023), క్రేచికోవా ఆమె తర్వాత వచ్చినవాళ్లే. కోటి చిల్లర జనాభా ఉన్న దేశానికి ఇది మామూలు విషయం కాదు. నొవోత్నా ఆట చూడాలనుకునే పాఠకులు 1993 ఫైనల్‌తో మొదలుపెట్టకండి. 1998లో హింగిస్‌తో ఆడిన సెమీఫైనల్ ముందు చూడండి.