లండన్ దాకా వెళ్ళిన రైతు మొర

మీ పార్లమెంటులో మామూలు మనిషి గోడు వింటారా అని హైదరాబాద్ మోతీనగర్‌లోని మావాళ్ళు ఫోన్‌లో అడుగుతుంటారు. జవాబుగా ఒక తెలుగువాడి కథే చెప్పాలి.

నేనుంటున్న బ్రిటన్‌లో అర్జీ పెట్టుకునే హక్కు చాలా పాతది. రాజుకు అర్జీ పెట్టినందుకు ఎవరినీ శిక్షించకూడదని 1689లోనే చట్టం చేశారు. పార్లమెంటుకైతే కాగితం మీద రాసిన అర్జీ ఒక సభ్యుడి చేతుల మీదుగా వెళ్ళాలి. ఆయన దాన్ని సభలో లేచి సమర్పించవచ్చు, లేదా స్పీకరు కుర్చీ వెనక వేలాడే సంచిలో వేసేయవచ్చు. 1842లో ఓటుహక్కు కోరుతూ 30 లక్షల మందికి పైగా సంతకాలు చేసిన అర్జీనే ఈ సభ తోసిపుచ్చింది. అలాంటి చోటికి మద్రాసు నుంచి కాగితం పంపాలంటే ఎంత గుండెనిబ్బరం కావాలి!

గాజుల లక్ష్మీనరసు చెట్టికి ఆ నిబ్బరం ఉంది. మద్రాసులో వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం ఆయనది. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఈస్టిండియా కంపెనీ పాలనకు అనుమతినిచ్చే చార్టర్ మరుసటి ఏడాది పునరుద్ధరణకు పార్లమెంటు ముందుకు రాబోతోంది. ఆ అదను చూసి సంఘం తన అర్జీ పంపింది. శిస్తు భారం, రెవెన్యూ ఉద్యోగుల దౌర్జన్యం, ఏళ్ళ తరబడి తేలని కోర్టు వ్యవహారాలు, అన్నీ అందులో ఉన్నాయి.

మావాళ్ళుండే హైదరాబాద్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. ఈ మొర నెల్లూరు, గుంటూరు, కడప లాంటి కంపెనీ జిల్లాల రైతులది. అక్కడ శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా. కట్టలేనివాణ్ణి ఎండలో నిలబెట్టేవారు, వంగదీసి వీపు మీద రాయి పెట్టేవారు, రెండు కర్రల కిట్టి మధ్య వేళ్ళు పెట్టి నొక్కేవారు. కలెక్టరుకు చెప్పుకుంటే, ఆ కాగితం మీద ఒక ముక్క రాసి తిరిగి తహసీల్దారుకే పంపేవారు. కొట్టినవాడి చేతికే దెబ్బతిన్నవాడి ఫిర్యాదు! ఇక్కడ తీర్చే దిక్కు లేకనే మొర సముద్రాలు దాటింది.

పార్లమెంటు 1853లో కంపెనీ పాలననే కొనసాగించింది. అర్జీ కథ అక్కడితో ముగిసేదే. కానీ డాన్బీ సేమూర్ అనే సభ్యుడు స్వయంగా మద్రాసు వచ్చాడు, లక్ష్మీనరసు ఆయన్ను జిల్లాల్లో తిప్పి చూపించాడు. 1854 జూలైలో హింస సంగతి సభలో చర్చకు వచ్చాక విచారణ తప్పలేదు.

విచారణ కమిషన్‌లో ముగ్గురు. అందులో ఒకరు మద్రాసు న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్. ఫిర్యాదులకు ఇచ్చిన గడువు మూడు నెలలే. జిల్లాలకు ఇంకా రైలు లేదు. అయినా 1,959 ఫిర్యాదులు వచ్చాయి. ఈ అంకె చదివినప్పుడల్లా నా మనసు బరువెక్కుతుంది. మళ్ళీ ఆ తహసీల్దారు కిందే బతకాలని తెలిసీ నోరు విప్పినవాళ్ళు వాళ్ళు.

హింస నిజమేనని 1855లో నివేదిక ఒప్పుకుంది. 1859లో 24వ చట్టంతో మద్రాసు పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. ఇది ఆ అర్జీదారుల గెలుపేనని నా నమ్మకం. అయితే కమిషన్ తప్పంతా కింది దేశీయ ఉద్యోగుల మీద మోపి, తెల్లదొరలను దాదాపు వదిలేసింది. కిట్టి పట్టనిదే రాలనంత శిస్తు వేసిందెవరో తేల్చే పని దానికి అప్పజెప్పనేలేదు. లక్ష్మీనరసు సంఘం ఊరుకోలేదు. అసలు కంపెనీ పాలనే వద్దంటూ మరో అర్జీ రాసి లండన్‌కు పంపింది.