అడ్డచుట్టయు రాచపుండును

రాచపుండు అను మాట విన్నంతనే మనవారిలో పెక్కుమంది "నొసటి వ్రాత" అని నిట్టూర్చి యూరకుందురు. కొందరు పూర్వజన్మ పాపమందురు, కొందరు దైవాగ్రహమందురు. క్యాన్సరు అని పిలిచినను, రాచపుండు అని పిలిచినను, ఆ పేరు పెదవిపైకి తెచ్చుటకే జంకువారు కలరు. కాని ఈ వ్యాధి చరిత్రను చదివినకొలది, ఇందొక పెద్దభాగము మన అలవాట్లవలన మనము తెచ్చుకొనుచున్నదేయని నాకు తోచినది. ఈ సంగతిని స్థాపించిన సాక్ష్యములలో నొకటి మన తెలుగునాటనే, విశాఖపట్టణ శ్రీకాకుళముల తీరమున దొరకినది. ఆ కథను నేడు మీకు మనవి చేసెదను.

కథకు మొదలు లండను నగరము. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చటి ఇండ్ల పొగగొట్టములు మిక్కిలి యిరుకుగా నుండెడివి. వానిలో దూరి మసి దులుపుటకు బీదల బిడ్డలను నియోగించెడివారు. ఆ బాలురు పెరిగి పెద్దవారైన పిమ్మట కొందరికి వృషణముల తిత్తిమీద మానని పుండు లేచెడిది. దానిని సుఖవ్యాధి యని భ్రమించి వైద్యులు పాదరసపు మందు లిచ్చెడివారు. సెయింటు బార్తలోమ్యూ వైద్యశాలలో శస్త్రవైద్యుడైన పెర్సివల్ పాట్ 1775లో ఆ భ్రమను తొలగించెను. చర్మపు ముడుతలలో నిలిచిన మసియే ఆ రాచపుండునకు కారణమని ఆయన వ్రాసెను. పుండు ఏ తావున లేచినదో చూడుము. ఆ తావున దినదినము ఏమి తగులుచున్నదో విచారింపుము. ఇదియే ఆయన చూపిన మార్గము. తరువాత 1892లో హెన్రీ బట్లిన్ అను మరియొక శస్త్రవైద్యుడు, ఐరోపాలోని ఇతర దేశముల మసిదులుపువారికి ఈ రోగము అంతగా లేకుండుటను గమనించెను. వారు ఒంటినిండ బిగువైన బట్ట తొడిగికొని, పని కాగానే దేహమును కడిగికొనుచుండిరి. అనగా కారణము తెలిసినచో నాలుగు చెంబుల నీళ్లే ప్రాణము నిలుపగలవు. 1915లో జపాను శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా అనువారు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారును పూసి క్యాన్సరును పుట్టించి చూపుటతో, పాట్ చెప్పినది ఊహమాత్రము కాదని తేలినది.

మన దేశమున ఇట్టి విచారణ కాశ్మీరమున మొదలైనది. అచ్చటివారు చలికాలమున కాంగడీ అను చిన్న మట్టికుంపటిని అల్లికబుట్టలో నమర్చి, పొడుగుపాటి అంగీక్రింద పొట్టకానించుకొని తిరుగుదురు. ఆ ప్రజలకు పొట్టమీదను తొడలమీదను రాచపుండు పుట్టుటను విలియం ఎల్మ్‌స్లీ అను వైద్యుడు 1866లో లోకమునకు తెలిపెను. ఇతర ప్రాంతములలో ఆ తావులందు అట్టి పుండు అరుదు. నిప్పుసెగ తగిలినచోటనే పుండు లేచినది. లండనులో మసి, కాశ్మీరమున సెగ. మన తీరమున ఆ రెండును ఒక్కచోటనే, నోటిలోనే చేరినవి.

చుట్టను వెలిగించి, కాలుచున్న కొనను నోటిలోనికి త్రిప్పి, పెదవులు బిగించి పొగ పీల్చుటను మనవారు అడ్డపొగ యందురు. అడ్డచుట్ట యనియు అందురు. ఎరుగని వారికిది గారడీవలె కనబడును. ఆ తీరగ్రామములలో ముదుసలి స్త్రీలు చుట్ట నట్లు నోట నుంచుకొనియే నీళ్లు తోడుటయు, బట్టలుతుకుటయు, మాటలాడుటయు నేను చూచినాను. ఈ అలవాటు ఎట్లు పుట్టినదని యడిగినచో పలువురు పలువిధముల చెప్పుదురు. పడవలమీది బెస్తలకు గాలిలో చుట్ట ఆరిపోకుండుటకని కొందరు. చేతులు తడిగానున్న చాకలి స్త్రీలకు అనుకూలమని కొందరు. చుట్ట చాలసేపు వచ్చునని కొందరు. తల్లికి చుట్ట ముట్టించి యిచ్చుచు కూతురు నేర్చుకొన్నదను మాటయు విన్నాను. ఈ చివరిమాటయే నాకు ఎక్కువ కష్టము కలిగించినది. ప్రేమతో చేసిన ఉపచారమే వ్యాధికి ద్వారమైనది గదా!

నోటి రాచపుండు సాధారణముగా నాలుకకో, బుగ్గలోపలికో, చిగురునకో వచ్చును. గట్టి అంగిలికి వచ్చుట అరుదు. ఈ తీరపు వైద్యులకు మాత్రము అంగిలిపుండు తరచుగా కంటబడుచుండెను. 1937లో కిణి, సుబ్బారావు అను వైద్యులు ఇండియన్ మెడికల్ గెజెట్టులో క్యాన్సరు సమస్యనుగూర్చి వ్రాయుచు, ఈ ప్రాంతపు అంగిలిపుండునకును అడ్డపొగకునుగల సంబంధమును ఎత్తిచూపిరి. బొంబాయిలో 1941లో తెరువబడిన టాటా స్మారక వైద్యశాలలో పనిచేసిన ఖానోల్కరుగారును, ఆయనతోడి సూర్యాబాయిగారును 1945లో భారతదేశపు అలవాట్లకు సంబంధించిన మూడు క్రొత్తరకముల క్యాన్సరులను వర్ణించిరి. ధోవతిని నడుమున బిగించి కట్టుటవలన అచ్చటి చర్మమునకు వచ్చునది యొకటి. సున్నము కలిపిన పొగాకును పెదవిచాటున నుంచుటవలన వచ్చునది రెండవది. మూడవది మన చుట్ట క్యాన్సరు. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావుగారలు కోస్తా ఆంధ్రమునందలి అంగిలి క్యాన్సరుపై వ్రాసిన వ్యాసమునకు పెట్టిన పేరులోనే, కాలుచున్న కొనను నోట నుంచుటయే కారణమని స్పష్టపరచిరి.

తరువాత పరిశోధకులు వైద్యశాలను విడిచి పల్లెలకు నడచిరి. బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన ఫలీ మెహతాయు, డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గును, వారి తోడివారును శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించిరి. అందు నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారు; పురుషులకంటె స్త్రీలలోనే ఈ అలవాటు హెచ్చు. అంగిలి తెల్లబారుట, గోధుమరంగు మచ్చలు, ఎఱ్ఱని పొరలు, పుండ్లు, ఇట్లు మార్పులు మెట్లు మెట్లుగా నుండెను. రాచపుండు ఒక్కరాత్రిలో ఊడిపడునది కాదనియు, ముందుగా గుర్తులు చూపుచు సంవత్సరముల తరబడి నడచివచ్చుననియు దీనివలన తెలిసినది.

వీరి పని యంతటితో ఆగలేదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,471 మందిని ఎన్నుకొని, ఏటేట నోరు పరీక్షించి, మానుమని నచ్చజెప్పుచు వచ్చిరి. అయిదేండ్ల ఫలితములు 1986లో వెలువడినవి. మానినవారును తగ్గించినవారును ఎక్కువైరి. నోటిలో క్రొత్తగా పుట్టు చెడుమచ్చలు తగ్గినవి. మొండివారని పేరుపడిన పల్లెప్రజలే ఓపికగా చెప్పినచో విందురని ఇందువలన నిరూపితమైనది.

"ఇది తాతలనాటి ఆచారము, ఎట్లు మానుదుము?" అనువారు కలరు. కన్యాశుల్కములో గిరీశము చుట్టను మెచ్చుకొన్న తీరు చూచినచో, అది వేదకాలమునుండి మనతో వచ్చినట్లే తోచును. నిజమునకు పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలతో మన దేశమునకు వచ్చినది. బీజాపురమునుండి అసద్ బేగ్ దానిని అక్బరు కొలువునకు కొనిపోయినది పదునేడవ శతాబ్దపు తొలి యేండ్లలో. నన్నయకుగాని తిక్కనకుగాని చుట్టవాసన తెలియదు. నాలుగువందల యేండ్ల క్రిందట నేర్చినదానిని మనము మరవలేకపోము.

మానుటకు ఆలస్యమైనదని ఎవరును నిరాశపడవలదు. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను పండితులు 1951లో మొదలుపెట్టి 34,439 మంది పురుష వైద్యుల అలవాట్లను విచారించిరి. ఏబది సంవత్సరముల ఫలితములు 2004లో ప్రకటింపబడినవి. జీవితాంతము సిగరెట్టు త్రాగినవారు త్రాగనివారికంటె సగటున పదియేండ్లు ముందుగా మరణించిరి. ముప్పదవయేట మానినవారికి ఆ నష్టము దాదాపు పూర్తిగా తప్పినది. నలుబదియవయేట మానినవారికి తొమ్మిది, ఏబదియవయేట ఆరు, అరువదియవయేట మూడు సంవత్సరములు కలిసివచ్చినవి. అరువదియేండ్ల అవ్వకుగూడ మూడేండ్లు చిన్న వరమా?

వయస్సును మనము ఆపలేము. తల్లిదండ్రులనుండి వచ్చిన రక్తమును మార్చుకొనలేము. దగ్గరిబంధువులలో ఈ వ్యాధి యున్నవారు వైద్యునికి ముందే చెప్పి, తగిన పరీక్షలు చేయించుకొనుట మేలు. కాని చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా మన చేతిలోనివి. మద్యము మన చేతిలోనిది. పొగాకుతో మద్యము చేరినచో నోటికి, గొంతునకు ముప్పు పెక్కురెట్లగును. స్థూలకాయమును తగ్గించుకొనుట మన చేతిలోనిదే. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును, కాలేయపు క్యాన్సరును చాలవరకు అడ్డగించు టీకాలు నేడు కలవు. ఆడపిల్లలకు మొదటిదానిని, పుట్టిన బిడ్డకు రెండవదానిని, అనగా హెపటైటిస్ బి టీకాను, వేయించుట తల్లిదండ్రుల విధి.

శ్రోతలారా, మీ యింట చుట్ట త్రాగు పెద్దలున్నచో, వారిని కసరవలదు. వెలుతురులో కూర్చుండబెట్టి, నోరు తెరువుమని ప్రేమతో అడుగుడు. అంగిలిమీద ఎఱ్ఱని పొరగాని, తెల్లని మచ్చగాని, మూడువారములైనను మానని పుండుగాని కనబడినచో, నొప్పి లేదుగదా యని ఉపేక్షింపక వైద్యునియొద్దకు కొనిపొండు. తొలిదశలో పట్టుబడిన పుండును వైద్యుడు నయము చేయగలడు. ఇక ఇంటిలోని చిన్నదానిచేత చుట్ట ముట్టింపించు అలవాటు ఉన్నచో, దానిని నేటితోనే మానిపింపుడు.